హ్యూయీ గాల్లో నిలబడట్లేదు: తప్పు స్టిక్‌దా, చేతిదా?

గాలిపటం_గుంటూరు
అందరికీ నమస్తే. డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్ గేమ్‌లో ఇన్నాళ్లూ ఉచితంగా వచ్చే సు-25టీ విమానం, కాకసస్ మ్యాప్‌తోనే లాగించాను. మొన్న సేల్‌లో యూహెచ్-1హెచ్ హ్యూయీ హెలికాప్టర్ కొన్నా. ఇంజన్ స్టార్ట్ చేయడం దాకా ఇబ్బంది లేదు. కలెక్టివ్ (బండిని పైకి లేపే లివర్) ఎత్తగానే ముక్కు కుడికి తిరుగుతుంది. దాన్ని సరిచేస్తే బండి పక్కకి జారుతుంది, జారుడు ఆపితే వెనక్కి పోతుంది. ఊపు ఊపుకీ పెరిగిపోయి చివరికి రోటర్ నేలని కొడుతుంది. విచిత్రం ఏంటంటే 60 నాట్ల మీద ముందుకు పోతుంటే మాత్రం బుద్ధిగా ఎగురుతుంది. ఆపితేనే గొడవ.

నాది ట్విస్ట్ (పిడి మెలితిప్పితే పెడల్స్ పని చేసేది) ఉన్న మామూలు స్ప్రింగ్ జాయ్‌స్టిక్, విడిగా పెడల్స్ లేవు. తలతిప్పుడు పట్టే పరికరం కూడా లేదు. ఇది సెట్టింగ్స్ సంగతా, నా చేతి సంగతా? ఇంకోటి: తర్వాత హైండ్ (మి-24 హెలికాప్టర్) కొనాలా, మిగ్-21 కొనాలా? మనసు రెండు వైపులా లాగుతోంది.

రోటర్_రాజు
తమ్ముడూ, ముందు మిషన్ ఎడిటర్‌లో గాలి సున్నా చెయ్యి, రాకెట్లు తీసెయ్, ఇంధనం సగానికి తగ్గించు, కాకసస్ మ్యాప్‌లోని బాతుమి రన్‌వే మీద పెట్టుకో. బరువు తగ్గితేనే సగం ఊపిరి వస్తుంది.

ఇప్పుడు ముక్కు కుడికి ఎందుకు తిరుగుతుందో చూడు. హ్యూయీ రోటర్ పై నుంచి చూస్తే గడియారం ముళ్లకి ఎదురుగా తిరుగుతుంది. దానికి ప్రతిచర్యగా బాడీ ఎదురు దిశలో, అంటే ముక్కు కుడికి, తిరగాలని చూస్తుంది. అందుకే కలెక్టివ్ ఎత్తినప్పుడల్లా ఎడమ పెడల్. ఆ పెడల్ తొక్కితే తోక రోటర్ బలం పెరిగి బండి మొత్తాన్ని కుడికి నెడుతుంది. కాబట్టి సైక్లిక్ (బండిని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచే స్టిక్) కొంచెం ఎడమకి. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలబడ్డప్పుడు, హ్యూయీ ఎడమ స్కిడ్ (చక్రాల బదులు ఉండే కమ్మీ) కిందికి వాలి ఉండటం సహజం, దాన్ని నిటారు చేయాలని చూడకు. అంటే మూడు కంట్రోల్స్‌లో ఒకటి కదిపితే మిగతా రెండూ కదలాలి. ముందుగానే కదలాలి, బండి చెప్పాక కాదు.

ఊపు పెరగడానికి కారణం వేరు. సైక్లిక్ కదిపితే ముందు రోటర్ డిస్క్ వంగుతుంది, తర్వాత బాడీ వంగుతుంది, ఆ తర్వాతే బండి జరుగుతుంది. ఈ ఆలస్యంలో నువ్వు "ఏమీ కాలేదే" అని ఇంకా నెడుతున్నావు. తీరా అది కదిలేసరికి నెట్టింది ఎక్కువైపోతుంది. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడుంటావు కదా, అంతే ఇది. చూపు కర్ర కొస మీద ఉండాలి, చెయ్యి కొంచెం కొంచెంగా ఆగకుండా కదులుతూ ఉండాలి. నెట్టు, వెంటనే సగం వెనక్కి తీసుకో, ఫలితం కోసం ఆగు.

చూపు ముఖ్యం. ముక్కు కింద నేలని చూస్తే ప్రతి అంగుళం కదలికా పెద్దదిగా కనిపిస్తుంది, చెయ్యి కంగారు పడుతుంది. రన్‌వే చివర చెట్లనో కొండనో చూడు.

సికింద్రాబాద్_స్టిక్
రాజన్న చెప్పింది కరెక్టే గానీ, సెట్టింగ్స్ సంగతి జర మాట్లాడుకుందాం. అసలు హ్యూయీలో సైక్లిక్ పొడుగ్గా మోకాళ్ల మధ్యలో ఉంటది. చెయ్యి తొడ మీద ఆనించి వేళ్లతోనే తిప్పుతరు. మన బల్ల మీది స్టిక్ జానెడు. అక్కడ నాలుగు అంగుళాలు కదిలేది ఇక్కడ ఒక్క అంగుళంలో అయిపోతది. అందుకే ఎవర్నడిగినా "కర్వ్ 20 పెట్టు" అంటరు, అంటే స్టిక్ ఎంత కదిపితే గేమ్‌ల ఎంత కదలాలె అనే గీతని వంచుడు.

నేను ఆ మాట ఒప్పుకోను. కర్వ్ పెడితే మెత్తగా ఉండేది నడిమి భాగమే. కానీ హ్యూయీ హోవర్‌లో నీ స్టిక్ నడుమ ఉండదు కదా, ఎడమకీ కొంచెం వెనక్కీ ఉంటది. అంటే మెత్తదనం అవసరమైన చోట దొరకదు, ఇంకా పక్కకి పోయేకొద్దీ కర్వ్ నిటారైతది. అందుకే కర్వ్ సున్నా ఉంచి, యాక్సిస్ ట్యూన్‌లో శాచురేషన్ వై 70-75కి తగ్గించు. స్టిక్ మొత్తం ఒక్కతీరుగా మెత్తబడుతది. పూర్తి డిఫ్లెక్షన్ పోతది గానీ హ్యూయీలో అది ఎన్నడో గానీ పడదు.

ఇంకోటి, ట్రిమ్, అంటే స్టిక్ వదిలేసినా కంట్రోల్ ఉన్నచోటే నిలిచేటట్టు చేసుడు. స్పెషల్ ఆప్షన్స్‌లోకి పోయి సెంట్రల్ పొజిషన్ ట్రిమ్మర్ మోడ్ టిక్ పెట్టుకో. హోవర్‌కి దగ్గరికి రాంగనే ట్రిమ్ బటన్ నొక్కి స్టిక్‌ని నడిమికి వదిలెయ్. నువ్వు నడిమికి వచ్చేదాకా గేమ్ నీ చేతిని పట్టించుకోదు. ఇది తెలియక చాలామంది ట్రిమ్ నొక్కి స్టిక్ అట్లనే పట్టుకుంటరు, డబుల్ అయి బండి పడిపోతది, "ట్రిమ్ పాడైంది" అని పోస్ట్ పెడతరు.

డల్లాస్_దొర
సైక్లిక్‌కి కర్వ్ వద్దన్నావు, సరే. కానీ ట్విస్ట్‌కి కర్వ్ కచ్చితంగా ఉండాలి. మణికట్టు తిప్పినప్పుడల్లా స్టిక్ పక్కకి కూడా కదులుతుంది. ఎడమ పెడల్ ఇద్దామనుకుంటే రోల్ కూడా ఇచ్చేస్తాం. గుంటూరు బ్రదర్ ఊగుడులో సగం ఇదేనని నా పందెం. ట్విస్ట్‌కి కర్వ్ 25, చిన్న డెడ్‌జోన్ (కొంచెం కదిలినా గేమ్ పట్టించుకోని నడిమి భాగం). డబ్బు పెట్టేది ఉంటే మొదట పెడల్స్ మీద పెట్టండి, ఖరీదైన స్టిక్ తర్వాత. జనం రివర్స్‌లో కొంటారు.

తల ట్రాకింగ్‌కి ఇప్పుడే ట్రాక్‌ఐఆర్ కొనక్కర్లేదు. ఓపెన్‌ట్రాక్ ఉచితం, మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని పట్టుకుంటుంది. గది చీకటిగా ఉంటే తడబడుతుంది, బల్ల మీద దీపం పెట్టుకుంటే చాలు. నేను వీఆర్‌లో ఎగురుతాను. హోవర్‌కి దానంత సుఖం ఇంకోటి లేదు, ఎత్తు కంటికి తెలుస్తుంది. కానీ వీఆర్‌కి గ్రాఫిక్స్ కార్డు అడిగే ధర వింటే హెలికాప్టరే కొనుక్కోవచ్చేమో అనిపిస్తుంది.

పాత_సార్జెంట్
నమస్కారం బాబూ. నేను వాయుసేనలో గ్రౌండ్ డ్యూటీ చేసి రిటైరైన మనిషిని, పైలట్‌ని కాదు. చేతక్ హెలికాప్టర్ల దగ్గర చాలాకాలం పనిచేశాను. మా మనవడి కంప్యూటర్లో ఈ డీసీఎస్ చూసి అలవాటు పడ్డాను.

హెలికాప్టర్ శిక్షణలో ఒక పాత పద్ధతి ఉంది. కొత్త కుర్రాడికి మూడు కంట్రోల్సూ ఒకేసారి ఇవ్వరు. మొదట పెడల్స్ మాత్రం ఇచ్చి మిగతా రెండూ ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుంటాడు. అవి కుదిరాక కలెక్టివ్. సైక్లిక్ చివర్లో. మీ సిమ్‌లో పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేడు గనక మూడూ ఒకేసారి మీద పడుతున్నాయి. దానికి విరుగుడు: నేల మీదే ఉండి కలెక్టివ్ కొద్దికొద్దిగా ఎత్తండి. స్కిడ్‌లు బరువు దిగి తేలికవుతుండగా, లేవకముందే ఆపండి. ఆ స్థితిలో ముక్కు తిరగకుండా పెడల్‌తో పట్టడం, పక్కకి జారకుండా సైక్లిక్‌తో పట్టడం నేర్చుకోండి. తర్వాత దించేయండి. గాల్లోకి లేవాలన్న తొందర వద్దు.

ఇంకో మాట. ఎడమ పెడల్ అన్నది హ్యూయీకి. మా చేతక్ రోటర్ ఎదురు దిశలో తిరిగేది, దానికి కుడి పెడల్. మి-17కి కూడా కుడే. నువ్వు హైండ్‌కి వెళ్తే కాళ్ల అలవాటు తిరగేసుకోవాల్సి వస్తుంది, గుర్తుపెట్టుకో.

నిజం_నీలకంఠం
ఒకటి అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఎగిరేదానికి ఇంత భక్తి ఏంటి? బరువు తెలీదు, భయం తెలీదు, పడిపోతే ఎస్కేప్ కొట్టి మళ్లీ మొదలు. "రియలిస్టిక్" అనే మాట ఎలా వాడతారు?

రోటర్_రాజు
నీలకంఠం గారూ, మంచి ప్రశ్నే. గేమే, కాదనట్లేదు. కానీ ఏ భాగం నిజానికి దగ్గర, ఏ భాగం దూరం అన్నది విడదీసి చూడాలి.

దగ్గర: విధానం. ఎఫ్/ఏ-18సీ జెట్ తీసుకోండి. క్యారియర్ (విమానవాహక ఓడ) మీద దిగేటప్పుడు స్పీడ్ చూసి దిగరు, యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) 8.1 డిగ్రీల దగ్గర పెట్టి ట్రిమ్ చేసి, థ్రాటిల్‌తో ఎత్తుని సరిచేస్తారు. ముక్కు ఎత్తి ఎత్తుని సరిచేద్దామంటే సిమ్‌లో కూడా కుదరదు, విమానాన్ని పట్టి ఆపే కేబుల్ దాటి పోతారు. ఓడ చుట్టూ తిరిగి వచ్చే ఎత్తులు, ఓడ దాటాక మలుపు (బ్రేక్) తీసుకునే 800 అడుగులు, ఓడకి ఎదురు దిశలో వెనక్కి వచ్చేటప్పుడు (డౌన్‌విండ్) 600 అడుగులు, అన్నీ అసలు నేవీ పద్ధతే. స్విచ్ ఎక్కడుందో, ఏ వరుసలో నొక్కాలో, అది నొక్కకపోతే ఏం పనిచేయదో ఈ సిమ్ పట్టుగా అడుగుతుంది.

దూరం: ఒళ్లు. నిజం హెలికాప్టర్‌లో బండి జారబోతున్న సంగతి సీటు ద్వారా నడుముకి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. సిమ్‌లో ఆ కబురు రాదు. కళ్లతోనే అంతా కనిపెట్టాలి, కన్ను ఆలస్యంగా చెబుతుంది. అందుకే నా లెక్కలో హోవర్ వరకూ సిమ్మే కష్టం. నిజం బండి సులువని కాదు, ఇక్కడ ఒక ఇంద్రియం కోసేసి ఆడిస్తున్నారు. కుర్చీ కింద బాస్ షేకర్ (శబ్దానికి తగ్గట్టు కుర్చీని వణికించే పరికరం) బిగించుకునేవాళ్లు సరదాకి చేయట్లేదు, పోయినదాన్ని కొంచెమైనా తెచ్చుకుందామని.

భయం మాట మీరన్నది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు, మల్టీప్లేయర్ సర్వర్‌లో గంట ఎగిరాక మిసైల్ వార్నింగ్ మోగితే అరచేతులు చెమట పట్టడం తప్ప.

నిజం_నీలకంఠం
సీటు సంగతి నేను ఆలోచించలేదు. సరే, చదువుతుంటాను.

మోడరేటర్
ఒక చిన్న మనవి: సర్వీసులో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు యూనిట్ల వివరాలు, మాన్యువల్ పేజీలు ఇక్కడ పెట్టొద్దు. పత్రికల్లో అందరికీ తెలిసిన విషయాలు చాలు. పాత_సార్జెంట్ గారిని ఉద్దేశించి కాదు, అందరికీ.

గాలిపటం_గుంటూరు
అప్‌డేట్. శాచురేషన్ తగ్గించా, ట్విస్ట్‌కి కర్వ్ పెట్టా, సార్జెంట్ గారు చెప్పినట్టు స్కిడ్ తేలికయ్యేదాకా ఎత్తి ఆపడం చేశా. ఇప్పుడు మూడు నాలుగు అడుగుల ఎత్తులో నిలబడుతోంది. పక్కకి నడుస్తోంది గానీ పడట్లేదు! అందరికీ వందనాలు.

కొత్త సమస్య: దిగడం. ఊరి మీద 300 అడుగుల్లో ఆగి నిటారుగా దిగుదామంటే సగంలో రాయిలా పడిపోతుంది. కలెక్టివ్ పూర్తిగా ఎత్తినా లాభం లేదు, ఇంకా వేగంగా పడుతుంది. ఇంజన్ ఆగిపోయిందేమో అనుకున్నా, ఆగలేదు.

రోటర్_రాజు
దీనికోసమే చూస్తున్నా, ప్రతివాడూ ఇక్కడికి వస్తాడు. దాని పేరు వోర్టెక్స్ రింగ్ స్టేట్. రోటర్ కిందికి తోసిన గాలిలోకే నువ్వు దిగుతున్నావు. ఆ గాలి రెక్కల అంచుల చుట్టూ పైకి తిరిగి మళ్లీ రోటర్‌లోకే వస్తుంది. నువ్వు కలెక్టివ్ ఎత్తితే ఆ సుడి ఇంకా బలపడుతుంది. అందుకే ఎత్తినకొద్దీ పడుతుంది.

అది రావాలంటే మూడూ కలవాలి: ముందుకి వేగం లేకపోవడం, వేగంగా దిగడం, పవర్ వాడుతూ ఉండటం. గుర్తు పెట్టుకోడానికి ఒక గీత గీసుకో. 30 నాట్ల కంటే తక్కువ వేగంలో నిమిషానికి 300 అడుగులకి మించి దిగొద్దు. బయటపడాలంటే కలెక్టివ్ కాస్త దించి సైక్లిక్ ముందుకి నెట్టు. కొత్త గాలిలోకి వెళ్లగానే రెక్కలు పట్టుకుంటాయి. దానికి ఎత్తు కావాలి. 100 అడుగుల్లో చిక్కితే ఇక దండం పెట్టుకోవడమే.

దీన్ని ఇంకోదానితో కలిపేసుకోకు. బరువెక్కువై, కొండమీద, వేడి రోజున, ఇంజన్ ఇచ్చే శక్తి చాలక కిందికి కుంగడం వేరు. అప్పుడు రోటర్ ఆర్‌పీఎం పడిపోతుంది, హారన్ మోగుతుంది. హ్యూయీలో ఉన్నది 1400 హార్స్‌పవర్ టీ53 ఇంజన్, బండి గరిష్ఠ బరువు 9500 పౌండ్లు. మనుషుల్నీ రాకెట్లనీ నింపి కాకసస్ కొండల మీద హోవర్ అడిగితే అది ఇవ్వదు. టార్క్ గేజ్ 50 దాటనివ్వకు. హారన్ మోగితే సుడి కాదు, పవర్ లేదు. అప్పుడు కలెక్టివ్ దించాలి, ఆర్‌పీఎం తెచ్చుకోవాలి.

అసలు నిటారుగా దిగడం అన్న ఆలోచనే మానెయ్. 60 నాట్లలో ఏటవాలుగా రా, వేగమూ ఎత్తూ కలిసి తగ్గాలి, రెండూ ఒకేచోట అయిపోవాలి. 20 నాట్ల దగ్గర బండి వణుకుతుంది. ఆ వణుకుతో ముందుకి వేగం ఇచ్చే అదనపు లిఫ్ట్ (పైకెత్తే బలం) పోతుంది, అక్కడ కలెక్టివ్ ముందే ఎత్తి, ఎడమ పెడల్ ముందే ఇచ్చి సిద్ధంగా ఉండు. నేలకి దగ్గరైతే మళ్లీ గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గర రోటర్‌కి తక్కువ పవర్ సరిపోవడం) సాయం చేస్తుంది. హ్యూయీ రోటర్ 48 అడుగుల వెడల్పు. అంత ఎత్తు నుంచీ కిందికి కొంచెం కొంచెంగా తెలుస్తుంది, పది అడుగుల్లో బాగా తెలుస్తుంది.

సికింద్రాబాద్_స్టిక్
సినిమాలల్ల హీరో హెలికాప్టర్ నిటారుగా దిగుతది చూడు, అందుకే మనకి ఈ రోగం.

కోనసీమ_కోబ్రా
హైండ్ గురించి నేను చెప్తానండి, నా బండి అదే. గుంటూరు గారూ, మి-24పీని హెలికాప్టర్ అనుకుని కొనకండి. చిన్న రెక్కలున్న బరువైన జంతువు అది. వేగంలో ఆ రెక్కలు బరువులో మంచి వాటా మోస్తాయి, అందుకే 250 కిలోమీటర్ల మీద రైలులా పోతుంది. నెమ్మదించి గట్టిగా తిప్పితే లోపలి రెక్క లిఫ్ట్ వదిలేస్తుంది, బండి ఆ వైపుకి పొర్లుతుంది. ఆయుధాలు నిండా వేసి వేడిలో హోవర్ అడిగితే నవ్వుతుంది. చక్రాలు ఎందుకిచ్చారనుకున్నారు? రన్‌వే మీద పరిగెత్తించి లేపాలి, అలాగే దించాలి.

పీ రకంలో 30 మిల్లీమీటర్ల జంట గొట్టాల ఫిరంగి కుడి బుగ్గకి బిగించేసి ఉంటుంది, తిరగదు. బండి మొత్తాన్ని గురి పెట్టాలి. మన వాయుసేన వాడిన మి-25, మి-35లకి ముక్కు కింద తిరిగే 12.7 మిల్లీమీటర్ల తుపాకీ ఉండేది, అవి వేరు. 1987లో శ్రీలంకకి వెళ్లినవి ఆ మి-25లే. ఇండియన్ పెయింట్ వేసుకుని ఎగిరేవాళ్లకి ఇది కొంచెం చేదు, ఫిరంగి మాత్రం మారదు.

ష్తుర్మ్ అనే ట్యాంకుల్ని కొట్టే మిసైల్‌ని ముందు సీటు వాడు గురి చూసి, తగిలేదాకా సైట్‌ని లక్ష్యం మీద పట్టాలి. ఒంటరిగా ఆడితే ఆ పని పెట్రోవిచ్ అనే ఏఐ చేస్తాడు. మీరు ముక్కుని అటు తిప్పి కుదురుగా ఉంచాలి, గట్టిగా తిప్పితే వాడికి గురి పోతుంది. నేనైతే ఫ్రెండ్‌ని ముందు కూర్చోబెడతాను. తిట్టుకుంటూ ఎగరడంలో ఉన్న మజా పెట్రోవిచ్‌తో రాదు. అపాచీ హెలికాప్టర్‌లో జార్జ్ అనే ఏఐ కూడా అంతే, పని చేస్తాడు, కబుర్లాడడు.

డల్లాస్_దొర
హ్యూయీ కుదరకుండా హైండ్ వద్దు. హ్యూయీలో పొరపాటు చేస్తే బండి వెంటనే చెబుతుంది, ఏం చేశావో తెలుస్తుంది. హైండ్‌లో ఆటోపైలట్ ఛానెల్స్ నీ పొరపాట్లు కొన్ని మింగేస్తాయి. సుఖంగా ఉంటుంది, నేర్చుకునేది తక్కువ. ఏదైనా కొనేముందు 14 రోజుల ట్రయల్ తీసుకోండి, కంపెనీ సైట్ నుంచి దింపుకున్న వెర్షన్‌లో దొరుకుతుంది. ర్యామ్ 32 జీబీ అయితే ఒంటరిగా ఎగరడానికి చాలు, పెద్ద సర్వర్లకి 64 మేలు. గేమ్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి, ఇందులో చర్చ లేదు.

పాత_సార్జెంట్
మిగ్-21 అడిగావు కదా బాబూ. 1963 నుంచి మన దగ్గర ఉండి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. టీవీలో చూస్తుంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

సిమ్‌లో ఉన్నది బిస్. మనవాళ్లు చివరిదాకా నడిపిన బైసన్ దానికి కొత్త రాడార్, కొత్త మిసైళ్లు పెట్టి మార్చినది. కాబట్టి ఆర్-73, ఆర్-77 వెతుక్కోవద్దు, అందులో లేవు. స్కోప్‌లో ఆర్‌పీ-22 రాడార్, కిందికి చూస్తే నేల గోలే కనిపిస్తుంది.

దిగేటప్పుడు ఒకటి చూసుకో. ఫ్లాప్స్ పూర్తిగా దించితే ఇంజన్ నుంచి గాలి తీసి ఫ్లాప్స్ మీద ఊదే ఏర్పాటు ఉంది, ఎస్‌పీఎస్. థ్రాటిల్ బాగా మూసేస్తే ఆ గాలి తగ్గి విమానం కుంగిపోతుంది. పవర్ పెట్టుకుని రన్‌వే దాకా రావాలి. నేల మీద ముక్కు చక్రాన్ని నేరుగా తిప్పే ఏర్పాటు లేదు, స్టిక్ మీది బ్రేక్ లివర్ నొక్కుతూ పెడల్ తొక్కితే ఒకవైపు బ్రేక్ పడి అటు తిరుగుతుంది. కొత్తవాళ్లు టాక్సీలోనే గడ్డిలోకి పోతారు.

గాలిపటం_గుంటూరు
సార్జెంట్ గారూ, మీ మనవడి కంప్యూటర్లో మీరు ఎగిరేది ఏది?

పాత_సార్జెంట్
గజెల్ హెలికాప్టర్. చేతక్ పుట్టిన ఇంటిదే, పెడల్ కూడా కుడిదే. నా కాళ్లు ఒప్పుకునేది అదొక్కటే.

కోనసీమ_కోబ్రా
అయితే ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి సర్వర్ పెడుతున్నా, డల్లాస్‌లో పొద్దున. కాకసస్ మ్యాప్, కుటాయిసి నుంచి బయల్దేరి కొండల్లో ఒక లోయలో చిక్కుకున్న మనుషుల్ని తేవాలి. హ్యూయీలు ఎక్కించుకుంటాయి, హైండ్ నేను కాపలా. సార్జెంట్ గారూ, మీ గజెల్‌తో ముందుకెళ్లి దారి చూడండి, మీరు వస్తేనే మొదలు. గుంటూరు గారికి ఒక్క ప్రయాణికుడే, భయపడకండి.

సికింద్రాబాద్_స్టిక్
ఎస్‌ఆర్‌ఎస్ రేడియో (గేమ్‌లోని రేడియోలతోనే మాట్లాడుకునే ప్రోగ్రామ్) పెట్టుకోని రాండ్రి అందరు, డిస్కార్డ్‌లో అరుసుకునుడు వద్దు. ఫ్రీక్వెన్సీ 251 మెగాహెర్ట్జ్ ఏఎం. హ్యూయీలో అది యూహెచ్‌ఎఫ్ రేడియోల కొట్టాలె, వీహెచ్‌ఎఫ్‌ల పెడితే ఎవ్వరికీ వినపడదు. పోయినసారి ఒకాయన మిషన్ అయిపోయేదాకా తనలో తాను మాట్లాడుకున్నడు.

నిజం_నీలకంఠం
ఆ ఉచిత సు-25టీ ఎన్ని జీబీ ఉంటుంది? ఊరికే అడుగుతున్నా.

డల్లాస్_దొర
గేమ్ మొత్తానికి వంద జీబీకి పైనే ఖాళీ పెట్టుకోండి నీలకంఠం గారూ, రాత్రికి డౌన్‌లోడ్ పెట్టి పడుకోండి. ఆదివారానికి జాయ్‌స్టిక్ లేకపోతే కీబోర్డుతో మాత్రం రావొద్దు.